కంపెనీ మారాక హార్మోన్ మాత్ర పనిచేయట్లేదు – జనరిక్‌కి సత్తువ తక్కువా?

ప్రశ్న – రాయగడ
మా వదినకు 49 ఏళ్లు. ముట్లు ఆగి ఏడాదిన్నర అయింది, గర్భసంచి ఉంది. విశాఖలో గైనకాలజిస్టు రోజుకి ఎస్ట్రాడియోల్ (ఈస్ట్రోజెన్ హార్మోన్) 2 మి.గ్రా. మాత్ర ఒకటి, రాత్రి మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరాన్ 100 మి.గ్రా. క్యాప్సూల్ ఒకటి రాశారు. మూడు నెలలకి వేడి ఆవిర్లు బాగా తగ్గాయి. ఈసారి మందులు ఇక్కడే కొన్నాం. ‘కంపెనీ వేరు, మందు అదే’ అని ఇచ్చారు. మూడు వారాలు తిరక్కుండానే ఆవిర్లు, రాత్రి చెమటలు మళ్లీ మొదలయ్యాయి. జనరిక్‌లో సత్తువ తక్కువా? రెండేసి వేయొచ్చా?

జవాబు – పర్లాకిమిడి, ఫార్మసిస్టు
రెండేసి వేయకండి. పాత స్ట్రిప్పు, కొత్త స్ట్రిప్పు పక్కపక్కన పెట్టి వెనకవైపు సన్న అక్షరాలు చదవండి. పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు, దాంతో మనకి పని లేదు.

ఒకదాని మీద ‘ఎస్ట్రాడియోల్ హెమీహైడ్రేట్’, రెండోదాని మీద ‘ఎస్ట్రాడియోల్ వాలరేట్’ అని ఉందేమో చూడండి. హెమీహైడ్రేట్ అంటే కాస్త నీరు కలిసిన ఎస్ట్రాడియోలే. వాలరేట్ అంటే ఎస్ట్రాడియోల్‌కి ఒక ఆమ్లం తగిలించిన రూపం. ఒంట్లోకి వెళ్లాక ఆ ఆమ్లం విడిపోయి ఎస్ట్రాడియోల్ మిగులుతుంది. తూకంలో ఆ ఆమ్లం బరువూ కలిసి ఉంటుంది కాబట్టి 2 మి.గ్రా. వాలరేట్‌లో అసలు ఎస్ట్రాడియోల్ సుమారు 1.5 మి.గ్రా. మాత్రమే. రెంటి మీదా 2 అనే ఉంటుంది, లోపల మాత్రం పావు వంతు తేడా. ఆవిర్లు తిరగబెట్టడానికి కొందరికి అది చాలు. షాపుల్లో ఇది పట్టించుకోకుండా మార్చి ఇచ్చేస్తుంటారు, అది తప్పు.

0.625 మి.గ్రా. ‘కాంజుగేటెడ్ ఈస్ట్రోజెన్స్’ ఇస్తే అది పూర్తిగా వేరే మందు. మొదట్లో చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన మిశ్రమం అది, అందులో చాలా ఈస్ట్రోజెన్లు ఉంటాయి. ఫ్యాక్టరీలో కలిపి దానికి జనరిక్ చేస్తామంటే 1997లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు.

అదే రసాయనం, అదే రూపం, అదే మోతాదు అయితే జనరిక్‌ని అనుమానించక్కర్లేదు. జనరిక్ రక్తంలోకి చేరే మోతాదు అసలు మందుతో పోలిస్తే 80 నుంచి 125 శాతం మధ్య ఉండాలన్న నియమం విని ‘ఇరవై శాతం తక్కువున్నా చెల్లుతుందట’ అనుకుంటారు. సగటు ఒక్కటే కాదు, దాని 90 శాతం విశ్వాస అవధి (అసలు సగటు ఉండగలదని లెక్కగట్టిన పరిధి) మొత్తం ఆ హద్దుల్లో ఇమడాలి. అందుకే నిజంగా ఉండే తేడా చాలా తక్కువ. మన దేశంలో నీళ్లలో సరిగా కరగని మందుల జనరిక్‌లకి అసలు మందుతో పోల్చే ఈ పరీక్ష తప్పనిసరి చేసింది 2017లో.

ప్రశ్న వేసినవారు – రాయగడ
చూశాను. పాతది హెమీహైడ్రేట్, కొత్తది వాలరేట్. ప్రొజెస్టిరాన్ కూడా మెత్తటి క్యాప్సూల్ కాదు, ‘ఎస్‌ఆర్’ అని రాసిన గట్టి మాత్ర ఇచ్చారు.

జవాబు – పర్లాకిమిడి, ఫార్మసిస్టు
రెండోదే నాకు ఎక్కువ భయం. గర్భసంచి ఉన్నవాళ్లకి ఈస్ట్రోజెన్ ఒక్కటే పడితే లోపలి పొర మందమవుతుంది, క్యాన్సర్‌కి కూడా దారి తీయొచ్చు. దాన్ని అదుపులో పెట్టేది ఈ ప్రొజెస్టిరానే. నూనెలో కలిపిన క్యాప్సూల్, నెమ్మదిగా కరిగే ఎస్‌ఆర్ మాత్ర ఒంటబట్టే తీరు ఒకటి కాదు. రెండు స్ట్రిప్పుల ఫోటోలు ఇవాళే విశాఖ డాక్టరుకి పంపండి. మళ్లీ చీటీ రాసేటప్పుడు వాలరేటా, హెమీహైడ్రేటా, క్యాప్సూలా అన్నది స్పష్టంగా రాయమనండి. క్యాప్సూల్ పడుకునే ముందే వేయాలి, మగత వస్తుంది. కొన్ని కంపెనీలు వేరుశనగ నూనె వాడతాయి; పడనివాళ్లు చూసుకోవాలి.

జవాబు – బరంపురం, గైనకాలజీ
ఫార్మసిస్టు గారు చెప్పింది సరైనదే. స్ట్రిప్పులు రెండూ ఒకటే అయినా పని తగ్గిందనేవాళ్లు ఇవి చూసుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్, మూర్ఛకి ఫెనిటాయిన్ లేదా కార్బమజెపిన్ వాడుతుంటే కాలేయం ఈస్ట్రోజెన్‌ని తొందరగా ఖర్చు చేసేస్తుంది, ఏ కంపెనీ మాత్రైనా అంతే. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఈస్ట్రోజెన్ మాత్ర మొదలుపెట్టిన 6 నుంచి 12 వారాల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) మళ్లీ చేయించాలి, డోసు పెంచాల్సి రావచ్చు. రాత్రి చెమటలతో జ్వరం, బరువు తగ్గడం ఉంటే హార్మోన్ల మీదికి తోసేయొద్దు. మన రాయగడ, కోరాపుట్ వైపు మలేరియా, టీబీ పరీక్షలు ముందు చేయించాలి.

మాత్ర మార్చాక రోజుకి ఎన్ని ఆవిర్లు వచ్చాయో క్యాలెండర్ మీద గీతలు పెట్టండి. మందు లేని ఉత్తుత్తి మాత్రతో చేసిన పరీక్షల్లో కూడా ఆవిర్లు సగానికి పైగా తగ్గాయి, అందుకే ఒకటి రెండు రోజులు చూసి ఏమీ తేల్చలేం. పూర్తి ఫలితానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. రెండు మందులూ రోజూ వేసేవాళ్లకి మొదటి మూడు నుంచి ఆరు నెలలు కొద్దిగా రక్తపు మరక కనిపించొచ్చు. ఆరు నెలలు దాటినా ఆగకపోయినా, ఆగిపోయి మళ్లీ కనిపించినా స్కాన్ చేయించాల్సిందే.

జవాబు – గుణుపురం, నర్సు
మాత్రతో కుదరక జెల్‌కి మార్చితే: 0.06 శాతం జెల్ 2.5 గ్రాముల్లో ఎస్ట్రాడియోల్ 1.5 మి.గ్రా. ఉంటుంది. చర్మం ద్వారా వెళ్లేది కాబట్టి మాత్రతో మిల్లీగ్రాముకి మిల్లీగ్రాము పోల్చకూడదు. స్నానం చేసి తుడుచుకున్నాక చేతులకో భుజాలకో పల్చగా రాయాలి, రొమ్ములకి రాయకూడదు. ఆరేదాకా బట్ట తగలనివ్వకండి, గంటసేపు కడగొద్దు. నూనె పట్టించిన చర్మం మీద రాయకండి. ఆ చేత్తో చంటిపిల్లల్ని ఎత్తుకోవద్దు, వాళ్ల ఒంటికి అంటుకుంటుంది. జెల్ వాడినా ప్రొజెస్టిరాన్ క్యాప్సూల్ మానకూడదు.