తొమ్మిదేళ్ల పాపకూ, లేసు వచ్చిన అత్తగారికీ ఊలు అల్లిక నేర్పడం ఎలా?

ప్రశ్న (కావలి నుంచి)

నమస్కారం. మా వారి ఉద్యోగరీత్యా లూధియానాలో ఉన్నప్పుడు రెండు సూదులతో స్వెటర్లు అల్లడం నేర్చుకున్నాను. కావలికి వచ్చేశాక ఆ సూదులు బీరువాలోనే ఉండిపోయాయి. ఇప్పుడు తొమ్మిదేళ్ల మా అమ్మాయి నేర్పమని వెంటపడుతోంది, దాన్ని చూసి మా అత్తగారూ ఉత్సాహపడుతున్నారు. ఆవిడకు క్రోషా సూదితో లేసు అల్లడం చిన్నప్పటి నుంచీ వచ్చు. దారాన్ని ఎడమచేతి చూపుడువేలికి చుట్టుకొని పట్టుకుంటారు, నేనేమో ఊలును కుడిచేత్తో తిప్పుతాను. ఇద్దరికీ ఒకే పద్ధతి నేర్పాలా? మన ఎండలకు ఏం అల్లించాలి? నూలుదారంతోనే మొదలుపెట్టించవచ్చా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (ఒంగోలు నుంచి)

అమ్మా, ముందు పాప సంగతి చెబుతాను. సూదిమీద కుట్లు, అంటే దారపు ఉచ్చులు, ఎక్కించడంతో పాఠం మొదలుపెట్టకండి, కొత్తవారికి అన్నిటికన్నా చిక్కు పని అదే. మీరే 20 కుట్లు ఎక్కించి, నాలుగైదు వరుసలు అల్లి, చేతికి పట్టు దొరికేంత అల్లిక వచ్చాక సూదులు పాపకివ్వండి. పాత లెక్కలో ఎనిమిదో నెంబరు సూదులు, అంటే 4 మిల్లీమీటర్లవి, మధ్యరకం మందంతో లేతరంగు అక్రిలిక్ ఊలు తీసుకోండి. ఆ లెక్కలో అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, పదో నెంబరు 3.25 మిల్లీమీటర్లే. నూలుదారం సాగదు కనుక లేత వేళ్లు త్వరగా నొప్పెడతాయి, దాన్ని రెండో పనికి ఉంచండి.

మొదట్లో అన్ని వరుసలూ నిట్టు కుట్టే (దారం వెనకవైపు ఉంచి వేసేది) వేయించండి. ఒక వరుస నిట్టు, ఒక వరుస పర్లు (దారం ముందువైపు ఉంచి వేసేది) వేస్తే అల్లిక నున్నగా వస్తుంది గానీ అంచులు చుట్టుకుపోతాయి, తానే ఏదో చెడగొట్టానని పాప బెంగపడుతుంది.

కొన్ని వరుసలయ్యాక 20 కుట్లు 23 కావడం మీరు చూస్తారు. వరుస మొదట్లో దారాన్ని సూది పైనుంచి వెనక్కి లాగితే, మొదటి కుట్టు కింది పోగులు రెండూ పైకి లేచి రెండు కుట్లలా కనిపిస్తాయి. పాప రెండింటినీ అల్లేస్తుంది. సూదులు చేతులు మార్చగానే దారాన్ని ముందువైపు కిందికి లాగి, సూది కిందినుంచి వెనక్కి తీసుకోవడం అలవాటు చేయించండి. ఇదొక్కటి ఓపికగా దగ్గర కూర్చుని చూపిస్తే పాప మధ్యలో మానేయదని నా నమ్మకం.

సమాధానం (నెల్లూరు నుంచి)

అత్తగారి అలవాటు మార్చవద్దండీ. దారాన్ని ఎడమచేత్తో పట్టి అల్లే పద్ధతి యూరప్‌లో చాలా దేశాల్లో ఉన్నదే, లేసు వచ్చినవారికి అది సులువుగా అబ్బుతుంది. ఏ చేత్తో అల్లినా వచ్చే అల్లిక ఒకటే. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పండి: క్రోషా అలవాటుతో పర్లులో దారాన్ని సూదితో గబుక్కున అందుకుంటే కుట్టు ఎదురు తిరిగి కూర్చుంటుంది. సూదిమీద ప్రతి కుట్టుకూ కుడికాలు, అంటే ఉచ్చులో కుడివైపు పోగు, సూదికి ముందుండాలి. ఎడమకాలు ముందుకొస్తే, తర్వాతి వరుసలో ఆ కుట్టును వెనక పోగులోంచి అల్లితే మెలి పడదు.

సమాధానం (కందుకూరు నుంచి)

మన దగ్గర స్వెటరుకు పెద్దగా పని లేదన్నది నిజమే. అయితే ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడికి వెళ్లే పెద్దలు చెవులకు మఫ్లరు చుట్టుకుంటారు కదా, 30 కుట్ల వెడల్పుతో పాప వాళ్ల తాతయ్యకు అదే మొదటి పనిగా అల్లవచ్చు. రెండోది గిన్నెలు దించే మసిగుడ్డ. దానికి నూలుదారం తప్ప మరొకటి వాడనివ్వకండి, అక్రిలిక్ వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది.

నాకు ఇంకొకటి తోచింది. పాప మఫ్లరు పూర్తి చేశాక దాని పక్క అంచులకు మీ అత్తగారి చేత లేసు వేయించండి. నిట్టు అల్లికలో రెండు వరుసలకు ఒక గట్టు వస్తుంది, గట్టుకొక క్రోషా కుట్టు చొప్పున వేస్తే అంచు ముడతలు పడదు, సాగిపోదు.