బొలోన్యాలో అమ్మతో నడక: సాన్ లూకా కొండ ఎక్కగలమా?

ఏప్రిల్‌లో అమ్మని తీసుకుని మళ్లీ ఇటలీలోని బొలోన్యా వెళ్తున్నాను. అక్కడ చదువుకున్న రోజుల్లో క్లాసులు, పార్ట్‌టైమ్ పనితోనే సరిపోయింది. ఈసారి ఊరంతా నడిచే చూడాలని ఆశ.

2021లో యునెస్కో గుర్తింపు పొందిన ఆ కమానుల వసారాలంటే నాకు ప్రాణం. స్ట్రాడా మజ్జోరే వీధిలో ఇసొలానీ ఇంటి ముందు 13వ శతాబ్దపు చెక్క స్తంభాలు ఇంకా నిలబడే ఉన్నాయి; తల బాగా పైకెత్తితే గానీ దూలాలు కనపడవు. వియా పియెల్లా వీధిలో గోడకున్న చిన్న కిటికీలోంచి చూస్తే ఇళ్ల మధ్య కాలవ! ఇవి అమ్మకి చూపించి తీరాలి.

టెన్షనంతా కొండ మీదున్న సాన్ లూకా చర్చి గురించే. ఊరి పాత సరగొజ్జా ద్వారం నుంచి అక్కడిదాకా 666 కమానుల వసారా, దాదాపు 3.8 కిలోమీటర్లు. కొండ కింద ఉన్న మెలొంచెల్లో కమాను దాకా చదునే, ఆ తర్వాత మెట్లూ ఎత్తూ. అమ్మ రోజూ వాకింగ్ చేస్తుంది, కానీ మెట్లెక్కితే మోకాలు పట్టేస్తుంది.

పెద్దవాళ్లతో ఎక్కినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మధ్యలో కూర్చోవడానికి చోటు దొరుకుతుందా? పైకి టూరిస్టు బండిలో వెళ్లి నడిచి దిగితే నయమా, లేక దిగడమే మోకాళ్లకి ఎక్కువ కష్టమా? దయచేసి మీ అనుభవం చెప్పండి.