నాణ్యతను మెరుగుపరచడం ఎవరి పని?

నియంత్రణ పటం:
క్వాలిటీ సర్కిళ్లను, అంటే పనిలోని లోపాలను కార్మికులే చిన్న బృందాలుగా కూర్చుని సరిదిద్దుకునే పద్ధతిని, మళ్లీ మొదలుపెట్టాలన్న మా యాజమాన్యం నిర్ణయం నాకు సరైనదిగా తోచడం లేదు. సహజంగా వచ్చే తేడా ఏదో, ప్రత్యేక కారణం ఉన్న తేడా ఏదో విడదీసే పటాన్ని అమెరికా గణాంకవేత్త షూహార్ట్ 1924లోనే గీసి చూపాడు. అది లెక్క తెలిసినవారి పని. రంధ్రం కొలిచే బోర్ గేజ్ పది మైక్రాన్లు ఎక్కువ చూపగానే ఆపరేటరు ఆఫ్‌సెట్, అంటే పనిముట్టు స్థానం సెట్టింగు, మారుస్తాడు, తరువాతి బుష్ (గొట్టం లాంటి విడిభాగం) కొలత తగ్గగానే మళ్లీ మారుస్తాడు. ఉద్దేశం మంచిదే, కానీ తేడా తగ్గకపోగా పెరుగుతుంది.

బాలానగర్ లేత్:
మన దేశంలో తొలి క్వాలిటీ సర్కిళ్లు 1980లో మన హైదరాబాద్ రామచంద్రాపురం భెల్‌లోనే పుట్టాయి. అక్కడివారు కార్మికులు కారా?

నియంత్రణ పటం:
వాటిని మొదలుపెట్టించింది ఉడ్పా అనే ఉన్నతాధికారి.

పాత బస్తీ:
తలుపు తీసినవారే కాపురం చేయాలని లేదు కదండీ.

బాలానగర్ లేత్:
ఉదయం యంత్రం చల్లగా ఉన్నప్పుడు తీసిన బుష్‌లకూ, తిరిగే ఇరుసు (స్పిండిల్) వేడెక్కిన తరువాత తీసినవాటికీ కొలత కలవదని గమనించి, పావుగంట ఖాళీగా తిప్పాకే పని మొదలుపెడదామని సూచనల పెట్టెలో చీటీ వేశాను. మూడు నెలల తరువాత అదే మాట ఒక ఇంజనీరు గారి ప్రెజెంటేషన్‌లో ఆయన పేరుతో వచ్చింది. మాకు తలా ఒక స్టీలు డబ్బా ఇచ్చారు.

నియంత్రణ పటం:
అది అన్యాయమే, కానీ ఇక్కడ అప్రస్తుతం. వేడే కారణమని తేల్చింది కొలతలు.

బాలానగర్ లేత్:
ఆ కొలతలు గంటగంటకూ రాసిన చేయి ఎవరిది? 1962లో జపానులో నాణ్యతా నిపుణుడు ఇషికావా ఈ పటాలను నేర్పింది ఫోర్‌మన్లకూ కార్మికులకూ కాదా?

రాత్రి షిఫ్టు:
మీరిద్దరూ పేరు ఎవరికి దక్కాలని వాదించుకుంటున్నారు. రాత్రి రెండింటికి కొలత తప్పితే యంత్రం ఆపే అధికారం నాకు లేదు. ఆపితే ఉత్పత్తి తగ్గిందని మెమో, ఆపకపోతే స్క్రాప్ పెరిగిందని మెమో. టయోటా కార్ల ఫ్యాక్టరీలో తప్పు కనిపిస్తే కార్మికుడే లైను ఆపించగలడు.

నియంత్రణ పటం:
ఎవరికి తోచినప్పుడు వారు ఆపితే సరఫరా తప్పుతుంది, జవాబు చెప్పుకోవలసింది నేను.

బాలానగర్ లేత్:
అంటే మీ అనుమానం మా లెక్కల మీద కాదు, మా చేతికి స్విచ్ ఇవ్వడం మీద. ఆ మాట మొదటే రాసి ఉండవలసింది.

నియంత్రణ పటం:
పటంలో హద్దు దాటితే ఆపవచ్చు. హద్దు మాత్రం నేనే గీస్తాను.

రాత్రి షిఫ్టు:
గీయండి. ఆపవచ్చన్న మాట కూడా కాగితం మీద రాసి, సంతకం పెట్టి, యంత్రం పక్కన అంటించండి. మెమో వచ్చిన రోజు చూపిస్తాను.