మామయ్య వైన్ తోట 20 ఏళ్ల విందు: గోంగూర మటన్ పక్కన షిరాజ్ పెట్టొచ్చా?

మేడ్చల్ కోడలు

అందరికీ నమస్తే. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

మా అత్తగారివాళ్లది ఒకప్పుడు మేడ్చల్ దగ్గర ద్రాక్షతోట. అంతా అనాబ్‌షాహీ పందిళ్లు. నేను కాపురానికొచ్చేసరికి తోట లేదు, పందిరి రాతి స్తంభాలు రెండు మిగిలాయంతే. ఇప్పుడు అవి సైనిక్‌పురిలో మా ఇంటి ముందు పడున్నాయి, సాయంత్రం పూట కూర్చోడానికి పనికొస్తాయి. ఆ భూమి అమ్మిన డబ్బుతో మామయ్య నాసిక్ పక్కన దిండోరిలో తోట కొన్నారు. తినే ద్రాక్ష మానేసి వైన్ ద్రాక్ష వేశారు. పందిళ్లు కూడా కావు, కంచెలా తీగలు కట్టి పాకించారు. ఊళ్లో బంధువులు నవ్వారట. మొదటి సీసా నింపి ఈ మార్చికి 20 ఏళ్లు.

తోటలో మార్చి అంటే కోతల చివర, అక్కడ ఎవరికీ ఊపిరాడదు. చుట్టాలంతా ఎలాగూ హైదరాబాదులోనే. అందుకని విందు మా మేడ మీద. 40 మంది. వంట నాది, సాయం ఇద్దరు.

వైన్లు ఐదు: సోవిన్యాన్ బ్లాంక్ (తెల్ల వైన్), కాస్త తీపి తగిలే షెనిన్ బ్లాంక్ (ఇదీ తెల్లదే), రోజే (గులాబీ రంగుది), ఏడాది ఓక్ చెక్క పీపాలో ఉంచిన షిరాజ్ (ఎర్ర వైన్), ఆఖరికి లేట్ హార్వెస్ట్ షెనిన్ (ఆలస్యంగా కోసిన పండ్లతో చేసే తియ్యటి వైన్). ఇందులో షిరాజ్ మామయ్య ప్రాణం. దాన్ని గోంగూర మటన్‌తోనే వడ్డించాలని పట్టు. "నా బెస్టు వైను, నీ బెస్టు కూర, ఇంకేం కావాలమ్మా" అంటారు.

మొన్న ఆదివారం వండి చూశాను. గోంగూర ముద్ద తిని ఒక గుక్క షిరాజ్ తాగితే నాలుక మీద ఉప్పుకాగితం రుద్దినట్టయింది. కారం రెండింతలు. మా ఆయన గ్లాసు పక్కన పెట్టి మజ్జిగ కోసం ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తాడు. మామయ్య మాత్రం "గ్లాసులు సబ్బుతో కడిగినట్టున్నారు" అన్నారు.

ఆయన మనసు నొప్పించకుండా దీన్ని ఎలా సర్దాలి? ఏ వైన్ పక్కన ఏం పెట్టాలి?

రిటైర్డ్ కెప్టెన్

అమ్మా, 22 ఏళ్లు హోటళ్లలో వడ్డించినవాణ్ణి. తప్పు గ్లాసుదీ కాదు, కూరదీ కాదు.

ఎర్ర వైన్‌ని తొక్కలు, గింజలతో కలిపి పులియబెడతారు. ఆ వగరంతా వాటి నుంచే. ఓక్ పీపా ఇంకాస్త వగరు కలుపుతుంది. వగరు మీద మిరపకారం పడితే రెండూ రెచ్చిపోతాయి. పైగా ఆల్కహాల్ కారాన్ని ఇంకా మండిస్తుంది. గోంగూర పులుపు వేరే సంగతి. కూరలో పులుపు ఎక్కువై వైన్‌లో తక్కువైతే ఆ వైన్ చప్పగా, నీళ్లలా అనిపిస్తుంది. అంటే మామయ్యగారి షిరాజ్ మీద మీరు రెండు వైపుల నుంచీ దాడి చేశారన్నమాట.

గోంగూర మటన్ మానకండి. పచ్చిమిర్చి సగం తగ్గించి, తీపి తగిలే షెనిన్ బాగా చల్లగా ఇవ్వండి. తీపి కారాన్ని అణుస్తుంది, షెనిన్‌కి సహజంగా ఉండే పులుపు గోంగూరకి జవాబిస్తుంది. సోవిన్యాన్‌ని మొదట్లో అపోలో ఫిష్‌తో కానిచ్చేయండి. రోజే బిర్యానీకి, కానీ దాంతో మిర్చీ కా సాలన్ వద్దు, రైతానే ఇవ్వండి.

షిరాజ్‌కి కావలసింది కొవ్వు, ఉప్పు, పొగ, మిరియం. మన ఊళ్లో ఆ నాలుగూ ఒక్కచోట దొరికేది పత్థర్ కా గోష్త్‌లోనే, అంటే కాలిన రాతి పలక మీద వేయించే మాంసంలోనే. ఉప్పు, మాంసం కలిస్తే వగరు మెత్తబడుతుంది, మిరియాల వాసన షిరాజ్‌లోనే ఉంటుంది.

ఇంకో మాట. "ఎర్ర వైన్ రూమ్ టెంపరేచర్‌లో" అన్నది చలిదేశాల గదుల సంగతి, 16 నుంచి 18 డిగ్రీలు. మార్చిలో మీ మేడ మీద 30 దాటుతుంది. సీసాని గంట పైనే ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. ఒక పెద్ద హోటల్లో వెచ్చటి రెడ్ పోయించినందుకు నేను అతిథి చేత తిట్లు తిన్నాను. ఐస్ బకెట్ కొననిది మేనేజరు, తిట్లు నాకు.

ఉప్పల్ సత్తి

గింత లెక్కలెందుకక్కా. నాటుకోడి పులుసు, ఈత కల్లు. మా తాత ఏ పుస్తకం సదివిండు?

రిటైర్డ్ కెప్టెన్

సత్తీ, నువ్వు నవ్వులాటకి అన్నావు గానీ నేను చెప్పిందీ అదే. దించిన పూట తాజా కల్లు తియ్యగా, కొంచెం పుల్లగా ఉంటుంది, ఆల్కహాల్ తక్కువ. మంటెక్కే పులుసు పక్కన అందుకే కుదిరింది. ఈ వైన్లలో మీ తాత కల్లుకి దగ్గర చుట్టం షెనిన్. కోడలమ్మా, మామయ్యకి ఇలాగే చెప్పి చూడండి, వింటారు.

బోడుప్పల్ రవి

వంట సంగతి నాకు తెల్వదు గని అక్కా, ముందుగాల సీసాలు ఎట్ల వస్తున్నయో చెప్పు. సొంత తోటదే కావొచ్చు, నాసిక్ నుంచి డిక్కీల ఏసుకొని బార్డర్ దాటితే అది నాన్ డ్యూటీ పెయిడ్ మాల్ (ఇక్కడి పన్ను కట్టని సరుకు) అయితది, కేసు పెడ్తరు. మన దగ్గర హోల్‌సేల్ అంతా బెవరేజెస్ కార్పొరేషన్ చేతుల్నే. వాళ్ల ద్వారా వచ్చిన సీసాలే కొను, బిల్లు దగ్గర పెట్టుకో. 40 మంది అంటే ఎక్సైజోళ్ల దగ్గర ఒకరోజు ఈవెంట్ పర్మిట్ కూడా తీస్కో. 21 నిండని పిల్లల గ్లాసుల్ల ద్రాక్షరసమే పొయ్యి.

లెక్క గూడ చెప్త. ఒక్కో వైన్ మనిషికి 60 మిల్లీలీటర్లు. 40 మందికి 2400. సీసా 750 గనుక నాలుగు చాలు, బిరడా వాసన పట్టి పాడైంది ఒకటి తగిలినా తగలొచ్చు గనుక ఐదు తెచ్చుకో. ఐదు వైన్లూ కలిపితే తలా 300 అయితది, బండి తాళాలు మాత్రం గేటు కాడనే తీసి పెట్టు.

మేడ్చల్ కోడలు

అందరికీ థాంక్స్. రవీ, నీ మాటతో ఇంట్లో గొడవే అయింది. మామయ్య ఆల్రెడీ డ్రైవరుకి ఫోన్ చేసి డిక్కీ ఖాళీ చేయించారట. ఆపాం. అదృష్టం కొద్దీ మా ఐదూ ఇక్కడి షాపుల్లో దొరుకుతాయి. సొంత వైన్‌ని ఎమ్మార్పీ ఇచ్చి కొనడం ఆయనకి ఎంత కష్టంగా ఉందో మీకు చెప్పలేను.

ఈ ఆదివారం రెండో ట్రయల్. పత్థర్ కా గోష్త్‌కి నల్లరాయి పలక కావాలని వెతుకుతుంటే మామయ్యే గేటు దగ్గరి స్తంభం చూపించి, "అది గ్రానైట్ కాదా?" అన్నారు. రాళ్లు కొట్టేవాణ్ణి పిలిపించి ఒక చివర రెండంగుళాల మందాన పలక కోయించాం. నాలుగు రోజులు ఎండలో పెట్టాను. రాయిలో తడి ఉంటే మంట మీద పగులుతుందట. బొగ్గుల మీద గంటసేపు మెల్లగా వేడెక్కించి, పచ్చిబొప్పాయి, అల్లం వెల్లుల్లి, దండిగా మిరియాలు పట్టించిన ముక్కలు పరిచాను. చుయ్‌మన్నాయి. ఒక అంచు మీద సున్నం మరక ఇంకా ఉంది, ఆ వైపు మాత్రం ఖాళీగా వదిలేశాను.

మామయ్య ఒక ముక్క తిని, చల్లబరిచిన షిరాజ్ ఒక గుక్క తాగి, ఏమీ అనలేదు. రెండోసారి తనే పోసుకున్నారు. తర్వాత గోంగూర, షెనిన్ ముందు పెట్టి సత్తి వాళ్ల తాత సంగతి చెప్పాను. గట్టిగా నవ్వారు. మేడ్చల్ తోటలో కూలీలకి రోజూ కల్లు కుండ వచ్చేదట, పందిరి కింద కూర్చుని తనూ ఒక పట్టు పట్టేవారట. అత్తయ్యకి ఆ సంగతి నిన్ననే తెలిసింది.

మెనూ కార్డు ఆయనే రాశారు. షిరాజ్ ఎదురుగా "పత్థర్ కా గోష్త్ (మన పందిరి రాయి మీద)". షెనిన్ ఎదురుగా "గోంగూర మటన్", దాని కింద చిన్న అక్షరాల్లో "కోడలి మాట, నా పూచీ లేదు".

కెప్టెన్ గారూ, ఒక్కటి మిగిలింది. లేట్ హార్వెస్ట్‌తో ఖుబానీ కా మీఠా అనుకుంటున్నాను. చక్కెర ఎంత తగ్గించాలి?

రిటైర్డ్ కెప్టెన్

వైన్ కన్నా మిఠాయి తియ్యగా ఉంటే వైన్ పుల్లబడిపోతుంది. మామూలుగా వేసే చక్కెరలో సగం వేసి రుచి చూడండి, ఖుబానీ తీపి ఎలాగూ ఉంటుంది. పైన మీగడ మాత్రం తగ్గించకండి.