షెల్టర్ కేర్‌టేకర్లకు మూడు రోజుల శిక్షణ: తాగి వచ్చిన మనిషికి తలుపు తీయాలా?

హంద్రీగట్టు:
కర్నూలు, అనంతపురం, కడపల్లో నిరాశ్రయుల షెల్టర్లలో పనిచేసేవాళ్లకు మూడు రోజుల శిక్షణ అడుగుదామని ఒక ముసాయిదా రాశాను. తప్పులుంటే చెప్పండి. 2013 నాటి పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాల్లో లక్ష జనాభాకు కనీసం వంద మందికి షెల్టర్, మనిషికి 50 చదరపు అడుగుల చోటు, ఏడాది పొడుగునా 24 గంటలూ తెరిచి ఉండడం, ఒక మేనేజరు, ముగ్గురు కేర్‌టేకర్లు అని లెక్క ఉంది. గోడకీ దుప్పటికీ లెక్క ఉంది. తలుపు దగ్గర ఉండే మనిషికి ఏం తెలిసుండాలో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పడం లేదు.

మొదటి రోజు తలుపు. రెండో రోజు జబ్బులు. మూడో రోజు కాగితాలు.

నా పట్టు మొదటి రోజు మీదే. నోట్లో వాసన వస్తోందని తలుపు వేసే పద్ధతి పోవాలి. వాసన కాదు, నడవడిక చూడాలి. సీసా లోపలికి రాకూడదు, చెయ్యి లేవకూడదు, పక్కవాళ్ల నిద్ర చెడకూడదు. ఈ మూడింటికీ ఒప్పుకున్న మనిషిని తాగి ఉన్నా పడుకోనివ్వాలి. తలుపు దగ్గర రెండు మంచాలు వాళ్లకే ఉంచాలి. పక్కన బకెట్టు, పైన రాత్రంతా లైటు.

నైట్‌డ్యూటీ:
రాసింది బాగుందన్నా. నీ శిక్షణకి ఎవరొస్తారో చెప్పు. రోజుకు మూడు షిఫ్టులు, వారానికి 21. ముగ్గురు మనుషులు. తలా 7. అంటే ఇప్పటికే వారపు సెలవు ల్యా. ఒకన్ని మూడు రోజులు పంపిస్తే మిగిలిన ఇద్దరూ 12 గంటలు చేయాల. వారానికి ఒక సెలవు ఇయ్యాలంటేనే మూడున్నర మంది కావాల, అంటే నాలుగో మనిషి. ఆ మనిషి సంగతి నీ ముసాయిదాలో యాడుంది?

కొండారెడ్డిబురుజు:
ఇది పాయింటు.

హంద్రీగట్టు:
మనుషులు చాలరన్నది నిజమే. దాని మీద వేరే అర్జీ పెడదాం. ఇక్కడ అడిగింది ఏం నేర్పాలని. ముగ్గురున్నా ముప్పై మంది ఉన్నా వాసన చూసి తలుపు వేస్తే ఫలితం ఒకటే.

నైట్‌డ్యూటీ:
వేరే అర్జీ కాదన్నా, అదే మొదటి లైను. రాత్రి 2 గంటలకి తలుపు తీసేది ఒగడే. లోపల నలభై మంది పడుకొనుంటారు, కూలికి నాలుగింటికి లేచేవాళ్లు. ఇద్దరు తాగినోళ్లు తగువు పడితే మధ్యలో నిలబడాల్సింది ఆ ఒగడే. చెయ్యి లేవకూడదని గోడ మీద రాస్తే చెయ్యి ఆగుతాదా?

అనంత_సిస్టర్:
ఇద్దరికీ ఒక మాట. వాసన మీద వాదిస్తున్నారు గానీ, ఆ వాసన లేకపోతేనే భయపడాల్సిన రోజులున్నాయి. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమట, వాంతి మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. కొందరికి రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పుతుంది, లేని పురుగులు ఒంటి మీద పాకుతున్నాయని దులుపుకుంటాడు, జ్వరం వస్తుంది. దీంతో ప్రాణం పోవచ్చు. "తాగకుండా వస్తేనే మంచం" అన్న షెల్టర్‌కు అతను మంచం కోసం మానేసి వచ్చి, రెండో రాత్రి అక్కడే పడిపోతాడు. కేర్‌టేకర్‌కు తాగుడు సంగతి తెలియదు, వాసన లేదు కదా. అందుకే రిజిస్టరులో ఒక గడి పెంచండి: "ఆఖరిసారి ఎప్పుడు తాగారు?" తిట్టకుండా అడిగితే చెప్తారు.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటి గుడ్డ, గడియారం చూడాలి. నోట్లో ఏమీ పెట్టొద్దు. చేతిలో తాళాల గుత్తి పెట్టడం మన దగ్గర ఇంకా పోలేదు. దానివల్ల ఏమీ ఆగదు, పైగా మనిషిని అదిమిపట్టి చేతులు విరుస్తారు. ఇళ్లలో అయితే 5 నిమిషాలు చూడమంటాం. షెల్టర్‌లో ఆ లెక్క వద్దు, వెంటనే 108.

మత్తులో పడిపోయినవాళ్లకు మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు పోయొద్దు. మింగలేరు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి పావుగంటకోసారి చూడాలి. పిలిచి గిల్లినా లేవకపోయినా, నిమిషానికి ఊపిరి 8 కంటే తగ్గినా నిద్ర అనుకోవద్దు.

ఇంకొకటి. మాట ముద్దగా రావడం, అడుగు తడబడడం తాగినోళ్లకే కాదు. షుగరు పడిపోయినా, తలకు దెబ్బ తగిలినా, పక్షవాతం మొదలైనా అలాగే ఉంటుంది. పెద్దాసుపత్రి దగ్గరున్న షెల్టర్లకు ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఎంతమంది వస్తారో ఆలోచించండి. తాగాడని బయటికి తోసిన ప్రతి మనిషీ తాగినవాడు కాదు.

కూడేరు_రవి:
తాళాలు పెట్టొద్దంటే మా పక్క ఎవరూ నమ్మరు సిస్టర్.

కడప_చిన్నక్క:
మీరంతా మగవాళ్ల షెల్టర్ గురించే మాట్లాడుతున్నారు. ఆడవాళ్ల షెల్టర్‌లో, కుటుంబాల షెల్టర్‌లో ఈ నియమం పెట్టకండి. మొగుడు తాగి కొడితే బయటికొచ్చిన మనిషికి గదిలో ఆ వాసన వస్తే ఆ రాత్రి నిద్ర పట్టదు. మార్గదర్శకాల్లోనే మగవాళ్లకు, ఆడవాళ్లకు, కుటుంబాలకు విడి షెల్టర్లు అని ఉంది. అన్నిటికీ ఒకే శిక్షణ ఏంది?

నా దృష్టిలో మూడో రోజే మొదటి రోజు కావాలి. కాగితం లేనిదే మనిషి కదలడు. ఆధార్‌కు గుర్తింపు ఉన్న షెల్టర్ అధిపతి ఇచ్చే సర్టిఫికెట్ చెల్లుతుంది, కానీ ఆధార్ వాళ్ల నిర్ణీత ఫారంలోనే ఉండాలి. తెల్లకాగితం మీద లెటర్‌హెడ్‌తో రాసిస్తే వెనక్కి పంపుతారు. ఫోటో అతికించి, సగం ఫోటో మీద సగం కాగితం మీద పడేలా సంతకం, సీలు వేయాలి. కొట్టివేతలు ఉండకూడదు. తేదీ నుంచి 3 నెలలే చెల్లుబాటు, అందుకని కేంద్రంలో టోకెన్ దొరికాకే రాయించండి. రాళ్ల పని, సున్నం పని చేసినవాళ్ల వేళ్లు అరిగిపోయి ముద్ర పడదు. కంటిపాపతో తీయమని అక్కడ గట్టిగా అడగాలి, అడగకపోతే తిప్పి పంపేస్తారు. ఇవి తెలిసిన కేర్‌టేకర్ ఒక్కరుంటే చాలు, బియ్యం కార్డు, బ్యాంకు ఖాతా, పింఛను వరుసగా వస్తాయి.

హంద్రీగట్టు:
అక్కా, ఇది రాసిచ్చినందుకు దండాలు, యథాతథంగా పెడతాను. ఆడవాళ్ల షెల్టర్‌కు వేరే నియమం, ఒప్పుకుంటున్నా. మగవాళ్ల షెల్టర్‌లో మాత్రం రెండు మంచాలు ఉండాల్సిందే.

నైట్‌డ్యూటీ:
మళ్లా రెండు మంచాలే. నలభై మందికి 2,000 చదరపు అడుగులు కావాల. ఎన్ని షెల్టర్లలో ఆ చోటుంది? తలుపు దగ్గర మంచాలేస్తే నడవడానికే దారుండదు. నిప్పంటుకుంటే బయటికి పోయేది ఆ దారినే.

హంద్రీగట్టు:
మంచాలు వద్దంటే చాపలు. మీరు చోటు గురించి అడుగుతున్నారా, వాళ్లు వద్దని అడుగుతున్నారా?

పెన్నా_ఇసుక:
సిస్టర్, రెండో రోజు జబ్బుల్లో ఇంకేం ఉండాలి? గజ్జి ఎంతకీ పోదు మన షెల్టర్లలో.

అనంత_సిస్టర్:
పోకపోవడానికి కారణం గోక్కునేవాళ్లకే మందు ఇవ్వడం. కురుపులు లేనివాళ్లలోనూ పురుగు ఉంటుంది, మొదటిసారి పట్టినవాళ్లకు దురద మొదలవడానికే కొన్ని వారాలు పడుతుంది. అందరికీ ఒకే రాత్రి పూయాలి, సిబ్బందికి కూడా. 5 శాతం పర్మెత్రిన్ క్రీము, మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద, బొడ్డు, చంకలు, గజ్జలు వదలకుండా. 8 నుంచి 14 గంటలు ఉంచి స్నానం. వారానికి మళ్లీ ఒకసారి. పెద్ద మనిషికి 30 గ్రాములు పడుతుంది, నలభై మందికి ఒక విడతకు 1,200, రెండు విడతలకు 2,400 గ్రాములు. ఆసుపత్రిలో పది ట్యూబులు అడిగి తెచ్చి పంచుతారు, ఎవరికీ చాలదు, నెల తిరిగేసరికి మొదటికొస్తుంది. ఇండెంట్, అంటే మందు కావాలని ఆసుపత్రికి రాసిచ్చే చీటీ, షెల్టర్ పేరున రెండు విడతలకూ కలిపి ముందే పెట్టాలి. పూసిన తెల్లారి దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండేయాలి. ఉతకలేని బొంతలు సంచిలో మూతికట్టి వారం పక్కన పెట్టాలి. చేతికి నీళ్లు తగిలితే మందు పోతుంది, మళ్లీ పూయాలని చెప్పాలి, రాత్రి అన్నం తిన్నాకే పూయమనేది అందుకే. చంటిపిల్లలు, గర్భిణులు ఉంటే ముందు డాక్టరుకు చూపించాలి. మందు పూశాక కూడా రెండు నాలుగు వారాలు దురద ఉంటుంది, మందు పనిచేయలేదని మళ్లీ మళ్లీ పూయొద్దు.

కొండారెడ్డిబురుజు:
ఈ ఒక్క పోస్టు అచ్చేసి ప్రతి షెల్టర్ గోడకు అంటించాలి.

కడప_చిన్నక్క:
మతిస్థిమితం లేక రోడ్ల మీద తిరిగేవాళ్లను షెల్టర్ దగ్గర దింపి పోవడం కూడా ఆపాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం పోలీసులు తమ రక్షణలోకి తీసుకున్న మనిషిని 24 గంటల్లోపు దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య సంస్థకు చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లు లేని మనిషైతే తప్పిపోయినట్టు ఎఫ్‌ఐఆర్ కట్టి ఇంటివాళ్లను వెతకాలి. కేర్‌టేకర్‌కు ఈ సెక్షన్ నంబరు నోట్లో ఉంటే దింపడానికి వచ్చినవాళ్లతో మర్యాదగానే మాట్లాడవచ్చు: "ముందు ఆసుపత్రి చీటీ తేండి సార్."

నైట్‌డ్యూటీ:
ఇన్ని చదివినాక ఒకటి అర్థమైంది. గజ్జి మాదే, ఫిట్సు మాదే, ఎఫ్‌ఐఆర్ మాదే, ఆధార్ మాదే. జీతం నెలల తరబడి ఆపే ఏజెన్సీలకు ఏ శిక్షణా ల్యా. షెల్టర్‌లో మనిషి చనిపోతే కేర్‌టేకర్‌కు శిక్షణ లేక అంటారు. శిక్షణ ఇచ్చినాక చనిపోతే, నేర్పించినా చేయలేదంటారు. రెండు పక్కలా మెడకే.

హంద్రీగట్టు:
తప్పు మోపడానికి రాశానని అనుకుంటే అది నా రాతలో లోపం. కానీ ఏం చేయాలో తెలియక ఒక మనిషి బయట మెట్ల మీద చచ్చిపోవడం కంటే తెలిసి ఉండడం మేలు కదా? ఎందుకంత వ్యతిరేకం మీకు?

నైట్‌డ్యూటీ:
వ్యతిరేకం ఎందుకంటే, నీ మూడు రోజుల్లో ఒక్క గంట కూడా మనిషి బయటికి ఎట్ల పోవాలని ల్యా. లోపలికి ఎట్ల తీసుకోవాల, లోపల ఎట్ల చూసుకోవాల, అంతే. నాలుగేళ్లుగా అదే మంచం మీదున్న మనుషులు ఉండారు ప్రతి షెల్టర్‌లో. మంచం ఖాళీ కాదు గాబట్టే తలుపు దగ్గర ఎవరో ఒకన్ని ఆపాల, ఆపడానికి వాసన ఒక సాకు. మనిషికి ఒక గది ఇప్పించే దారుంటే నేను ఎవరి నోరూ వాసన చూడను. తాగినా తాగకున్నా తీస్తా తలుపు.

హంద్రీగట్టు:
ఇది ముందే చెప్పుంటే ఇంతసేపు మంచాల మీద కొట్టుకునేవాళ్లం కాదు.

కడప_చిన్నక్క:
నేను మాత్రం ఒప్పుకోను. తాగుడు మానాక గది, పని దొరికాక గది. లేకపోతే నెలకే ఓనరు వెళ్లగొడతాడు, ఆ తర్వాత మన పేరు చెప్తే ఎవరూ ఇల్లివ్వరు. మంచి ఓనర్లు చాలా తక్కువమంది, వాళ్లను పోగొట్టుకుంటే మానేసినవాళ్లకూ దొరకదు.

హంద్రీగట్టు:
అక్కా, ముందు గది, తర్వాతే మిగతావి అని 1992లో న్యూయార్క్‌లో మొదలుపెట్టారు, ఫిన్లాండ్ 2008 నుంచి దేశం మొత్తానికీ అదే పద్ధతి తీసుకుంది. దూరం దేశాలంటారా, చెన్నైలో బన్యన్ సంస్థ మానసిక జబ్బుతో ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో ఉండిపోయినవాళ్లను నలుగురైదుగురిని కలిపి మామూలు వీధిలో అద్దె ఇంట్లో పెడుతోంది, తోడుగా ఒక మనిషిని ఇచ్చి. మానితేనే ఇల్లు అంటే, ఇల్లు లేకుండా మానడం ఎంతమందికి సాధ్యం? ఫుట్‌పాత్ మీద రాత్రి భయానికీ చలికీ తాగేవాళ్లే ఎక్కువ.

కడప_చిన్నక్క:
తోడుగా ఒక మనిషి. ఆ మాటే చూడండి. ఆ మనిషి జీతం యాడిది? తోడు లేకుండా గది ఇస్తే నేను చెప్పిందే జరుగుతుంది.

నైట్‌డ్యూటీ:
అక్క చెప్పింది నిజం. గది ఇచ్చి వదిలేస్తే మొదటి నెల్లోనే మనిషి బస్టాండుకి వచ్చేస్తాడు. తాగి కాదు, ఒంటరిగా ఉండలేక. రాత్రి పక్కన మనిషి అలికిడి లేకపోతే నిద్ర రాదు వాళ్లకి. కరెంటు బిల్లు కట్టడం తెలీదు, మీటరు పీకేస్తారు. అడ్వాన్సు కట్టినాక గిన్నెలకి డబ్బులుండవు.

అనంత_సిస్టర్:
దానికి ఒక పద్ధతి ఉంది, తొమ్మిది నెలలది. మొదటి మూడు నెలలు వారానికి రెండు మూడుసార్లు ఇంటికి పోవాలి, బిల్లు, గ్యాస్, ఆసుపత్రి అన్నీ పక్కనుండి చేయించాలి. తర్వాతి మూడు నెలలు తనే చేసుకుంటుంటే చూడాలి, చెడిన చోట మాత్రమే పట్టుకోవాలి. ఆఖరి మూడు నెలలు వెనక్కి జరగాలి, ఆ వీధిలో అతన్ని చూసుకునేవాళ్లకు అప్పగించాలి: ఆశ కార్యకర్త, టీ కొట్టు, ఓనరు. ఒక్కరు పదిహేను మందికి మించి చూడలేరు. పింఛను వచ్చేవాళ్లకు ఒకటో తారీఖునే అద్దె కట్టించాలి, వాళ్ల ఒప్పుదలతో, రసీదు వాళ్ల చేతికే. ఐదో తారీఖు దాకా ఆగితే ఆ డబ్బు ఉండదు.

కడప_చిన్నక్క:
ఆ మనిషిని పెడితే తాగేవాళ్లకు గది ఇచ్చి చూడటానికి నేను సిద్ధం. పెట్టకపోతే నా మాట మీదే ఉంటా.

హంద్రీగట్టు:
సరే, మారుస్తున్నా. నాలుగో రోజు చేరుస్తాను, గది మీద. తలుపు, జబ్బులు, కాగితాలు అలాగే ఉంటాయి. వాసన నియమం మాత్రం తీసేయను.

నైట్‌డ్యూటీ:
తీసేయమనలే. నాలుగో మనిషిని మొదటి లైనులో పెట్టు: శిక్షణ రోజుల్లో రిలీవర్, తర్వాత గదులకి తిరిగే మనిషి, రెండింటికీ ఒకే పోస్టు. 21 షిఫ్టుల లెక్క కింద రాయి. అది ఉంటేనే సంతకం పెడతా.

అనంత_సిస్టర్:
2,400 గ్రాముల ఇండెంట్ మర్చిపోకండి.