ఎకనామిక్స్ లెక్కల్లో మనిషంటే స్వార్థమేనా? మీ అనుభవాలు చెప్పండి

ఓయూ_ఎంఏ_ఎకో: మైక్రో ఎకనామిక్స్ క్లాసులో రోజూ ఇదే, ప్రతివాడూ తన లాభమే చూసుకుంటాడు అని మొదలుపెట్టి గ్రాఫులన్నీ దాని మీదే గీస్తారు. కసాయి, రొట్టెలవాడు మన మీద దయతో కాదు, తమ లాభం కోసమే మనకు తిండి అందిస్తారని ఎకనామిక్స్‌కి ఆద్యుడనే ఆడమ్ స్మిత్ 1776లో రాసిన మాట అందరికీ నోటికొచ్చు. అదే మనిషి 1759లో రాసిన పుస్తకం, ఎంత స్వార్థపరుడికైనా ఎదుటివాడి సుఖం పట్టించుకునే గుణం ఉంటుందనే మొదలవుతుంది, దాని ఊసే ఎత్తరు. నాకు నిజంగా బాధేస్తోంది. మీరు చూసినవి రాయండి ప్లీజ్.

బ్లడ్‌డోనర్_మలక్‌పేట: తలసేమియా, అంటే ఒంట్ల రక్తం సరిగ తయారుగాని జబ్బున్న పిల్లలకు రక్తమిస్త తమ్మీ. వాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కియ్యాల్సిందే. ఓసారి ఒక తండ్రి జేబుల పైసలు పెట్టబోయిండు, గట్టిగ వద్దన్న. తీసుకుంటే మళ్ల పోబుద్ధి కాకపోవు. రక్తం అమ్ముడు 1998 జనవరి నుంచి మన దేశంల బంద్ కూడ, అంతకుముందే 1996ల సుప్రీంకోర్టు చెప్పింది.

రిటైర్డ్_లెక్చరర్: ఇదే సంగతి మీద రిచర్డ్ టిట్మస్ అనే బ్రిటన్ ప్రొఫెసర్ 1970లో పుస్తకం రాశాడు బాబూ. బ్రిటన్‌లో ఊరికే ఇచ్చే రక్తాన్ని, అమెరికాలో డబ్బిచ్చి తెచ్చే రక్తాన్ని పక్కపక్కన పెట్టి చూశాడు. డబ్బు కోసం వచ్చేవాడు జబ్బు దాస్తాడు, ఊరికే ఇచ్చేవాడు వెనక్కి తగ్గుతాడు అన్నాడు. కెనెత్ ఆరో అనే ఎకనామిస్టు ఒప్పుకోలేదు, అమ్మే దారి ఒకటి తెరిస్తే ఇచ్చేవాడి మనసెందుకు మారాలి అని అడిగాడు. మంచి ప్రశ్నే, కానీ పైన మలక్‌పేట ఆయన చెప్పిందే దానికి జవాబు అనిపిస్తుంది నాకు.

ఉప్పల్_క్రెష్: పిల్లల్ని లేటుగా తీసుకెళ్తున్నారని ఫైన్ పెడదామనుకున్నానండి. మా ఆయమ్మ వద్దంది, "పైసలు కడితే లేటు వాళ్ల హక్కయితదమ్మా, ఇప్పుడైతే నా మొహం చూసన్నా ఉరుకొస్తున్నరు" అని.

ఓయూ_ఎంఏ_ఎకో: మేడమ్, మీ ఆయమ్మకి దండం! ఇజ్రాయెల్‌లోని హైఫాలో క్రెష్‌లలో సరిగ్గా ఇలాగే ఫైన్ పెట్టి చూశారు, గ్నీజీ, రుస్తికీనీ అనే ఇద్దరు ఎకనామిస్టులు, 2000లో రీసెర్చ్ పేపరొచ్చింది. ఫైన్ పెట్టాక లేటుగా వచ్చేవాళ్లు పెరిగారు, తీసేశాక కూడా తగ్గలేదు.

కూకట్‌పల్లి_సీఏ: ఇస్తే ఆనందం వస్తుంది కాబట్టి ఇస్తారు, అదీ స్వార్థమే కదా? ఆండ్రియోనీ అనే ఎకనామిస్టు 1990లో చెప్పింది దాదాపు అదే.

బ్లడ్‌డోనర్_మలక్‌పేట: ఆనందం ఎక్కడిదన్నా, నాకు సూదంటే ఇప్పటికీ భయమే. పొద్దుగాల్నుంచి పోబుద్ధి కాదు. పోకుంటే తప్పని పోత.

రిటైర్డ్_లెక్చరర్: అమర్త్య సేన్ 1977లో ఈ రెండిటినే విడదీశాడు. ఇంకొకరి బాధ చూసి నీకు బాధై సాయం చేస్తే అందులో నీ సుఖం కొంత ఉంది, సరే. నీకు ఏమీ కలిసిరాకపోయినా, నష్టమైనా, తప్పు కాబట్టి ఊరుకోలేకపోవడం వేరు. దాన్ని లాభం అని పిలిస్తే ఇక ఏం చేసినా లాభమే అవుతుంది, ఆ మాటకి అర్థమే ఉండదు.

బ్లడ్‌డోనర్_మలక్‌పేట: ఇవన్ని నాకు తెల్వదు సార్. ఎండకాలం కాలేజీలకు సెలవులిస్తే డోనర్లు దొరకరు. ఓయూ తమ్మీ, మీ హాస్టల్ల ఇప్పుడే అడిగి పెట్టుకో.