ఇంగ్లండ్ కాలువలో నారోబోట్ ప్రయాణం: పెద్దవారితో వెళ్లవచ్చా?

నమస్కారం. జూన్‌లో ఊరి నుంచి వస్తున్న అమ్మానాన్నలతో కలిసి కెనెట్ అండ్ ఏవన్ కాలువ మీద 4 రోజులు నారోబోట్‌లో (కాలువల్లో తిరిగే సన్నని పొడవాటి పడవలో) గడపాలని నేను, నా భార్య అనుకుంటున్నాము. ధవళేశ్వరం లాకుల దగ్గర పెరిగిన నాన్నగారి చేత, తలుపులు మూసి, నీరు నింపి పడవను పైకి లేపే ఆ పనిని ఇక్కడ తన చేతులతో చేయించాలన్నది నా చిరకాల కోరిక.

డివైజెస్ ఊరి దగ్గర 2 మైళ్లలోనే 29 లాకులు ఉన్నందున అటు వెళ్లే సాహసం చేయము. బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ లాకు దాటాక బాత్ నగరం వరకు సుమారు 9 మైళ్లు లాకులే లేవు కనుక ఆ దారే మేలనిపిస్తోంది. గంటకు 4 మైళ్లు మించకూడదన్న నియమం మాకు సంతోషమే.

అయితే అమ్మకు మోకాళ్ల నొప్పులు. 7 అడుగుల వెడల్పైనా లేని పడవలోకి ఆ నిటారు మెట్లు దిగడం ఆమెకు ఎంత కష్టం? చుక్కాని కర్రను ఎడమకు నెడితే పడవ ముక్కు కుడికి తిరుగుతుందట. ఎప్పుడూ పడవ నడపని నేను, ఏవన్‌క్లిఫ్, డండస్ వంతెన కాలువల (కాలువను నది మీదుగా దాటించే వంతెనల) దగ్గరి ఇరుకు మలుపుల్లో 60 అడుగుల పడవను తిప్పగలనా, లేక చిన్నది తీసుకోవాలా? పెద్దవారితో వెళ్లి వచ్చినవారు దయచేసి చెప్పగలరు.